లేఖన ముద్రణ భేద విమర్శనము

అక్షరమునకు రెండు రూపములు గలవు. వినఁబడున దొకటి, కనఁబడున దొకటి. మొదటిదానిని వర్ణ మనియు, రెండవదానిని లిపి యనియు శాస్త్రజ్ఞులు వ్యవహరింతురు. వర్ణమునుగూర్చి శిక్షాకారులును వ్యాకర్తలును జేసిన విచారమునకు మేర లేదు. లిపినిగూర్చిన విచార మట్లు పెరుగలేదు. లిపి సంకేతమాత్ర మనియు, సంకేత మెట్లున్నను వర్ణమునకు హాని లేదనియుఁ బండితులు దలంచుటయే యిందులకుఁ గారణము. ఈ తలంపు శబ్దశాస్త్రమునఁ దగినదే. కాని తాళపత్రములఁ జదివి ప్రాచీనగ్రంథములఁ బరిష్కరించువారి కిది చాలదు. వారి చేతికి వచ్చునది వర్ణము గాదు, లిపి. ఆ లిపి చేతితో వ్రాయఁబడినదా, యచ్చుతోఁ గూర్పఁబడినదా యను భేదమునుబట్టి పాఠనిర్ణయమే మాఱుచుండును. కావున నీ రెంటికిఁ గల భేదము విమర్శింపఁదగియున్నది.

వ్రాఁతకును నచ్చునకును భేదము సాధనమునందే కాని స్వరూపమునందు లేదని కొంద ఱందురు. చేతితోఁ జేసినది వ్రాఁత, యంత్రముతోఁ జేసినది యచ్చు. రెంటియందును గకారము గకారమే, లకారము లకారమే యని వారి వాదము. ఈ లక్షణము పరీక్షకు నిలువదు. సీసపుటక్షరమును బోఁతపోయుటకు ముందు దాని రూపమును ఉక్కుకొనపైఁ జెక్కినది శిల్పి చేయియే. చేతితోఁ జేసిన దెల్ల వ్రాఁత యైనచో నా యుక్కుకొనయు వ్రాఁతయే కావలసివచ్చును. మఱియు 1796 ప్రాంతమున జర్మనీదేశమున సెనెఫెల్డరు కనుఁగొనిన శిలాముద్రణమునఁ జేతివ్రాఁత యున్నదున్నట్లు ఱాతి కెక్కి వేలకొలఁది ప్రతులుగా వెలువడును. అందు యంత్ర మున్నది. ఐనను వెలువడినది చేతివ్రాఁతయే. ఇట్లు పై రెండు లక్షణములకు నతివ్యాప్తిదోషము దప్పదు.

దోషములేని లక్షణ మిట్లు చెప్పవచ్చును. ఏ యక్షరము తా నుండవలసిన తావునందే, ప్రక్కయక్షరములఁ జూచుకొని, యప్పుడే పుట్టునో యది లేఖితాక్షరము. ఏ యక్షరము తా నుండఁబోవు తావు నెఱుఁగకయే ముందుగా సిద్ధపఱుపఁబడి, పిదప నెన్నిమాఱు లైనను నెచ్చట నైనను గూర్పఁబడునో యది ముద్రాక్షరము. లేఖితమునందు మరల రెండు తెగలు గలవు. చదువుకొనుటకై వడిగా సాగు వ్రాఁత యొకటి. గ్రంథనామమునకో, యంగడిపలకకో, శిలాఫలకమునకో యొక్కొక్క యక్షరమును దిద్దితీర్చు నక్షరచిత్రణ మొకటి. మొదటిదానఁ జేయి ముందు నడచును. రెండవదానఁ గన్ను చేతిని నడపించును. ఐనను రెంట నక్షరము సన్నివేశమునకు లోఁబడినదే. 'మమత' యను పదము నొకఁడు చేతితో వ్రాసినచో నందలి రెండు మకారములు నచ్చముగా నొక్కటిగా నుండవు. అచ్చునం దవి యొక్క పోఁతనుండి పుట్టినవి గావున నొండొంటికి భేద ముండదు. ఈ చిన్న పరీక్షతో నే యక్షర మే తెగకుఁ జెందినదో తఱచుగాఁ దెలిసికొనవచ్చును.

వ్యాకరణమర్యాదతోఁ జెప్పినచో లేఖనము సంహితవంటిది, ముద్రణము పదపాఠమువంటిది. వర్ణముల యత్యంతసామీప్యమును సంహిత యని పాణిని సంకేతించెను. సామీప్యముచేత నొక వర్ణము మఱియొక వర్ణముచే మాఱుట సంధి. చేతివ్రాఁతయందును నిట్లే జరుగును. క్రిందిపంక్తిలోని గుడి పైపంక్తిలోని యొత్తునకుఁ దగులునని తోఁచినచో లేఖకుఁడు గుడిని వంచును; లేదా యొత్తును గుదించును. 'రాష్ట్రము', 'లక్ష్మి', 'స్త్రీ' మొదలగు పదములలో నొక హల్లు క్రింద రెండేసి యొత్తులు వ్రేలాడును. తాళపత్రముపై వ్రాయువాఁ డట్టి తావున రెండవ యొత్తును బ్రక్కకుఁ జేర్చి, పంక్తిని జెడనీయక సాగిపోవును. కూర్పరి కట్టి స్వాతంత్ర్యము లేదు. వాని చేతిలోని సీసపుముక్కకుఁ గొలఁత ముందే నియతము. అందుచేఁ దెనుఁగచ్చునఁ బంక్తికిని బంక్తికిని నడుమ నెడము విడువవలసివచ్చెను. రోమనులిపి పుస్తకమునకంటెఁ దెనుఁగుపుస్తకమునఁ బుట కెక్కు పంక్తులు తక్కువ యగుటకు నిది యొక కారణము.

ఇంకొక యుపమానముఁ గూడఁ జెప్పవచ్చును. సమానరూపములు పెక్కు చేరినపు డొక్కటి నిలిచి తక్కినవి లోపించుట యేకశేషము. వేయిమంది లేఖకులు వేయివిధముల వ్రాసిన యకారములలో నొకదానిని నిలిపి తక్కినవానిని విడుచుటయే యచ్చుపోఁత. కాని యీ యుపమానము సంపూర్ణముగా నన్వయింపదు. ఏకశేషమున నిలిచినపదము లోపించినవాని యర్థమును గూడఁ జెప్పును. అచ్చున నిలిచిన యక్షరము, విడువఁబడిన రూపములను గూర్చి యేమియుఁ జెప్పదు. విడువఁబడినవి విడువఁబడినవే. లాభనష్టముల విచార మంతయు నీ భేదమునందే యున్నది.

తాళపత్రలేఖనమునుగూర్చి లోకమునఁ బ్రసిద్ధమైన మాట యొకటి కలదు. గంటముతో నడ్డగీఁత గీచినచో నాకు ఈనెవెంబడిఁ జీలును గావునఁ దెనుఁగక్షరములు గుండ్రన యయ్యె నని యా మాట. ఇందుఁ గొంత సత్య మున్నను నింతమాత్రమే కారణ మనుట సాహసము. అరవవా రదే యాకుపై నదే గంటముతో వ్రాసిరి. వారి పకారటకారములలో నిలువుగీఁతలు నడ్డగీఁతలు నేఁటికిని నిలిచియున్నవి. ఆకును గంటమును సమానములై యుండఁగా ఫలము భిన్న మైనది; కావున నా హేతువునకు వ్యభిచారము గలదు. ఉత్తరదేశమునఁ దాళపత్రములపైఁ గలముతో సిరా నుంచి వ్రాసిరి. అచట శిరోరేఖ చెడలేదు. మఱియు మన శాసనములలోఁ గఠినమైన ఱాతిపైఁగూడ గుండ్రఁదనము కానవచ్చుచున్నది. కావున సాధనము లిపికి సహకారికారణము గావచ్చును గాని ప్రధానకారణము గాదు. లేఖకసంప్రదాయమే ప్రధాన మని యెఱుంగునది. గంటపుగీఁత యెల్లెడల నొక్క మందమున నుండును. నేఁటి పుస్తకముల యక్షరములఁ గానవచ్చు లావుసన్నముల భేదము గంటమునుండి వచ్చినది గాదు. దీనినిబట్టియు నచ్చక్షరము తాళపత్రాక్షరమునకు నచ్చమైన ప్రతిబింబము గాదని స్పష్టము.

తెనుఁగక్షరముల కచ్చు మొదట స్వదేశమునఁ గలుగలేదు. మదరాసునఁ గొంతకాలము క్రైస్తవమతబోధ చేసి స్వదేశమునకు మరలిన బెంజమిన్ షుల్జు 1746, 1747 సంవత్సరములలో జర్మనీదేశపు హాల్లే పట్టణమునఁ దెనుఁగు చిన్నపుస్తకముల నచ్చొత్తించెను. వంగదేశమున శ్రీరామపురపు ముద్రాలయము 1812వ సంవత్సరము మార్చి 11వ తేదిని గాలిపోఁగాఁ బెక్కుభాషల యచ్చక్షరములు గరఁగిపోయెను. ఐనను విలియం కేరీ తెనుఁగువ్యాకరణము 1814లో నచటనే వెలువడెను. మదరాసునఁ గ్యాంబెల్ వ్యాకరణము 1816లోను, బ్రౌనుదొర వ్యాకరణము 1840లోను, నిఘంటువు 1852లోను బ్రకటిత మయ్యెను. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడెను. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులు ముద్రాలయము నెలకొల్పెను. ఇట్లు నూఱేండ్లకుఁ బైఁబడినకాలమున నచ్చు పండితుల చేతికి వచ్చెను.

ఆ చేతికి వచ్చినపిదపఁ గలిగిన మార్పులు సామాన్యములు గావు. ప్రాచీనశాసనములందును బెక్కు తాళపత్రములందును హ్రస్వదీర్ఘములైన యెత్వములకు నొత్వములకు భేదము వ్రాఁతలో లేదు. 'నెల' యనియు 'నేల' యనియు జదువుట చదువరి నేర్పునందుండెను. అట్లే నిండుసున్నకు నరసున్నకు నొక్క చుక్కయే చాలియుండెను. 'అతండు' అని యాకుపై నున్నచో, ఛందము కోరినచోట నడిమియక్షరము లఘు వని గ్రహించి 'అతఁడు' అని చదివిరి; గురువు కావలసినచో నున్నట్లే చదివిరి. అనఁగా లేఖకుఁడు సగము వ్రాసెను. తక్కిన సగమును ఛందస్సెఱిఁగిన పాఠకుఁడు పూరించెను. అచ్చు వచ్చినపిదప నీ భారము పాఠకుని నుండి తొలఁగి కూర్పరిపైఁ బడెను. తెనుఁగు వర్ణములు ముప్పదియా ఱని లెక్కించి యందు రెండుసున్నలను వేఱువేఱుగాఁ జెప్పిన బాలవ్యాకరణము, ఆ భేదమును గంటికిఁ జూపు నచ్చు గలిగిన కాలముననే పుట్టుట గమనింపఁదగినది. శాస్త్రము ముద్రణమునకుఁ దోడుపడెను. ముద్రణము శాస్త్రమునకుఁ దోడుపడెను. ఇది ముద్రణమువలనఁ గలిగిన మహోపకారము. దీనిని దక్కువగాఁ జూచువాఁడు పక్షపాతి యగును.

ఇఁక నష్టమును జూడవలయును. హల్లునకు ముందున్న రేఫను దెలుపుటకై యా హల్లునకుఁ గుడివైపున వ్రాయు వలపలగిలక ప్రాచీనలిపిలోఁ బ్రసిద్ధము. అది తొలినాళ్ల యచ్చుపుస్తకములలోను గలదు. నేఁటి సామాన్యపుస్తకములలో నది మృగ్యము. కన్నడమున నట్టి గుర్తు నేఁటికిని నిత్యవ్యవహారమున నున్నది. పదాంతమున నకారమునకుఁ బొల్లు వేఱొక రూపముతో వ్రాయఁబడెడిది, అదియు జాఱిపోయెను. తెనుఁగుకన్నడముల లిపి యొకప్పు డొక్కటియే. కాలక్రమమునఁ గలిగిన స్వల్పభేదములను 19వ శతాబ్దిలో వేఱువేఱుగాఁ బోసిన యచ్చక్షరములు స్థిరపఱచెను. వ్రాఁతలో నిరుదెసలకు సాగుచుండిన మార్గము అచ్చులో గట్టు వేసినట్లయ్యెను. నేఁడు తెనుఁగువాఁడు కన్నడమును గష్టపడి చదువుటకు నిది యొక హేతువు.

అంతకంటె ముఖ్యమైన విషయము పాఠపరిష్కారము. లేఖకుని దోషములును గూర్పరి దోషములును నొక్కజాతివి గావు. లేఖకుఁడు ప్రాయికముగాఁ జదువుచు వ్రాయును. కావున నతని తప్పునకుఁ దఱచుగా నేదో యొక యర్థ ముండును. తా నెఱిఁగిన పదమును దా నెఱుఁగని పదమునకు మాఱుగా వ్రాయును. రెండు పంక్తులలో నొక్క పదమే యున్నచోఁ గన్ను మొదటిదానినుండి రెండవదానికి దాఁటి నడిమిభాగము జాఱిపోవును. పకారవకారములు, షకారసకారములు గంటపువ్రాఁతలో మిక్కిలి చేరువలు గావున నొండొంటితోఁ గలియును. కూర్పరి సామాన్యముగాఁ జూచుచుఁ గూర్చును. అతని తప్పు తఱచు నర్థరహితము. ప్రక్కగడిలోని యక్షరము చేతికి వచ్చుట, యొత్తు రాలిపోవుట, ముక్క తలక్రిందగుట మొదలగునవి యట్టివి. అర్థరహితమైన తప్పు చూచినవెంటనే పట్టుపడును. అర్థము గల తప్పు శతాబ్దములు దాఁగియుండును. ఈ భేద మెఱుఁగని పరిష్కర్త యచ్చుతప్పును బాఠాంతర మని క్రింద నెక్కించును. లేఖకదోషమును గవిప్రయోగ మని సమర్థించును. అట్లు సమర్థింపఁబడిన ప్రయోగమున కొక సూత్రము గూడఁ గల్పింపఁబడిన యెడల దోషము శాస్త్రమునకే యెక్కును. పండితులు భయపడవలసిన దిట్టి ప్రమాదమునకే.

బ్రౌనుదొర పెక్కు తాళపత్రములను జేర్పించి, పండితులచేఁ బ్రతులను బోల్పించి, కాగితములపైఁ బరిష్కృతప్రతులు వ్రాయించెను. ఆ సంపుటములు మదరాసు ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారమున భద్రపఱుపఁబడెను. అచ్చునకు ముందు నిలిచిన యా కాగితపుఁబ్రతులు మిక్కిలి విలువగలవి. ఏలయన లేఖితమున కచ్చెత్తినపు డేమి మాఱెనో నిర్ణయించుట కవి మెట్టు వంటివి. ఆకును, గాగితపుఁబ్రతిని, నచ్చుపుస్తకమును మూఁటిని ముందుంచుకొని చూచినవానికే పాఠచరిత్ర దెలియును. ఒక్క యచ్చుపుస్తకమును జూచి తీర్పు చెప్పుట సాక్షులను విచారింపక తీర్పు చెప్పుటవంటిది.

సీసపుటక్షరముల కాలము గడచి కంప్యూటరు కాలము వచ్చినపిదప నీ విచారము తీఱిపోయె నని కొందఱ యభిప్రాయము. అది పొరపాటు. 1991లో వెలువడిన యూనికోడు సంకేతమునఁ దెనుఁగునకు 128 స్థానములు గల యొక విభాగ మేర్పడెను. అందు నిలువయుండునది యక్షరముల యాకారము గాదు, అక్షరముల సంజ్ఞ. కకారము, పొల్లు, షకారము వరుసగా నిలువయుండఁగా, దానికి 'క్ష' యను నాకారమును గల్పించునది ఫాంటు. వ్యాకరణపరిభాషలో నిలువయున్నది స్థాని, కనఁబడునది యాదేశము. ఆదేశవిధానము తెలియని యంత్రమున స్థానియే బయటఁబడి, పొల్లులు విడివిడిగా నిలిచి, ఆహ్వానపత్రికలయందును బలకలయందును హాస్యాస్పదమైన రూపములు పుట్టుచున్నవి. ఇది లేఖకునికిఁ గలుగని దోషము. కూర్పరికిని గలుగని దోషము. నూతనమైన మూఁడవ దోషజాతి.

ఐనను నీ క్రొత్తయంత్రమువలనఁ బ్రాఁతలిపికి మేలును గలిగెను. తొల్లి జాఱిపోయిన నకారపుఁబొల్లు 2021లో వెలువడిన యూనికోడు 14వ సంచికలో స్థానము వడసెను. అచ్చు విడిచినదానిని సంకేతశాస్త్రము తిరిగి చేర్చుకొనె నన్నమాట. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణుఁడు మొదలగు కవుల పేళ్లతో నుచితముగా లభించు ఫాంటులును బయలువెడలినవి. వీనివలన వైవిధ్యము గలిగెను. కాని యొకమాట మఱవరాదు: వైవిధ్యము వేఱు, సన్నివేశానుకూలత వేఱు. పదిఫాంటు లున్నను నొక్కొక్క ఫాంటునందు మకార మొక్కటియే.

ఇందులకు మంచి నిదర్శనము చిత్రకారుఁడైన బాపు (1933–2014) యక్షరములు. గ్రంథముల యట్టలపైని, బొమ్మల ప్రక్కను నతఁడు వ్రాసిన వ్రాఁత తెనుఁగువారికిఁ జిరపరిచితము. ఆ వ్రాఁత ననుసరించి ఫాంటు నేర్పడెను. దానితోఁ గూర్చిన పుటను జూచినవారు బాపు వ్రాఁత యనియే యందురు. అది వ్రాఁత గాదు. వ్రాఁతపోలిక గల ముద్రాక్షరము. చేయి వ్రాసినపుడు పదముయొక్క పొడవును, బొమ్మయొక్క వంపును, ఖాళీచోటును జూచి యక్షరము మాఱును. ఫాంటున నక్షరము దేనిని జూడదు. ఇందుచే ఫాంటు నిందింపఁబడఁదగిన దని కాదు. దాని పని వేఱు. పుస్తకమంతయుఁ గూర్చుటకు ఫాంటే తగినది. ఒక్క నామమును బ్రకాశింపఁజేయుటకుఁ జేయియే తగినది. ఇటీవల పలకలపై నచ్చక్షరములను గంప్యూటరున బలిమి సాగఁదీసి చోటు నింపుట పరిపాటి యైనది. అట్లు సాగఁదీసినచో నిలువుగీఁతల మందము మాఱి, యడ్డగీఁతల మందము మాఱక, యక్షరము వికృత మగును. చేతితో వ్రాయువాఁడు చోటు మిగిలినచో నక్షరమును సాగఁదీయఁడు. దానిని మరల నిర్మించును, లేక యెడము పెంచును.

కావున సిద్ధాంత మిది. లేఖనమును ముద్రణమును నొండొంటికిఁ బ్రత్యామ్నాయములు గావు. ముద్రణము నియమమునకును, సమత్వమునకును, బహుప్రచారమునకును సాధనము. లేఖనము సన్నివేశౌచిత్యమునకును, సంప్రదాయచరిత్రకును సాక్షి. ముద్రణమున నక్షరము జాతిగా నిలుచును. లేఖనమున వ్యక్తిగా నిలుచును. పదమునకు జాతి యర్థ మని వాజప్యాయనుఁడును, వ్యక్తి యర్థ మని వ్యాడియు వాదింపఁగా, భాష్యకారుఁడు రెంటికిని దావిచ్చెను. అక్షరవిషయమునఁ గూడ నీ సమన్వయమే యుచితము.

ఇందుచేఁ బాఠశాలలకును బరిష్కర్తలకును గర్తవ్యము తేలుచున్నది. అచ్చక్షరము మాత్రమే నేర్చిన విద్యార్థికిఁ దాత వ్రాసిన యాకులకట్ట పరలిపి వలెఁ దోఁచును. లక్షలకొలఁది పుటలు ఛాయాచిత్రములుగా మాఱినను, జదువువాఁడు లేనిచో నవి మూఁగవే. కావున భాషాప్రవీణతకై చదువువారికిఁ గొన్ని తాళపత్రపుటలైనను జదివించి, వలపలగిలకను, నేకబిందువును, హ్రస్వదీర్ఘముల యభేదమును జూపవలయును. ప్రాచీనగ్రంథము నచ్చొత్తించువారు మాతృకలోని లిపివిశేషములను బీఠికలోఁ జెప్పి, యొకటిరెండు పుటల ఛాయలనైనఁ జేర్పవలయును. సవరించిన చోటెల్ల సవరించితి మని చెప్పవలయును. మాతృకలో నిండుసున్న యుండఁగా నరసున్న వేసినచో నదియు సవరణయే యని గుర్తింపవలయును. ఇంతమాత్రము జరిగినచో, నచ్చు నిలిపిన యొక్క రూపము విడువఁబడిన పెక్కు రూపములను గూడ జ్ఞప్తికిఁ దెచ్చుచుండును. అప్పుడే యది యేకశేష మనిపించుకొనును.